ఆక్స్‌ఫర్డ్ పీఠం దిగి వచ్చిన పంతులుగారు

ఏటా సెప్టెంబరు 5 వచ్చిందంటే మన సంఘాలు నడిపే పాఠశాలల్లో కూడా తెల్ల తలపాగా, కళ్లద్దాలు ఉన్న ఆ పటాన్ని బల్ల మీద పెట్టి దండ వేస్తారు. చిన్నపిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని టీచర్ల వేషం వేస్తారు. పెద్ద తరగతి అమ్మాయి ఒకతె మైకు ముందు నిలబడి తిరుత్తణి, 1888, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి, భారతరత్న అంటూ గడగడా అప్పజెప్పేస్తుంది. ఆ అప్పజెప్పడంలో ఎప్పుడూ వినబడని సంగతి ఒకటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పదహారేళ్లపాటు విదేశంలో ఉద్యోగం ఉన్న మనిషి. పరాయి దేశపు పిల్లలకు పాఠం చెప్పి, ఒకనాడు ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేసిన మనిషి.

రాయలసీమ సంఘాల్లో ఈ మాట చెవిన పడితే తల ఎత్తి చూసేవాళ్లు ఉన్నారు. మాల్దీవుల్లోనో, ఇథియోపియాలోనో, గల్ఫ్ దేశాల బడుల్లోనో ఏళ్లతరబడి పాఠాలు చెప్పి, ఒప్పందం అయిపోయాక తిరిగి వచ్చి, ఇప్పుడు ఆదివారం ఆరాధనలో వెనక వరుసలో కూర్చునేవాళ్లు. అప్పుడే వచ్చేశావేం అని చుట్టాలు అడుగుతారు. ఇంకో రెండేళ్లు ఉంటే ఇల్లు పూర్తయ్యేది కదా అంటారు. అక్కడ సార్ అని లేచి నిలబడేవాళ్లు, ఇక్కడ మళ్లీ ఫలానావారి అబ్బాయి. అలాంటి వాళ్లను మనసులో పెట్టుకుని ఈ వారం రాధాకృష్ణన్ గారి జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పుకుందాం. ఎంత గొప్పవాడైనా ఆ రాకపోకలు ఆయనకూ ఊరికే జరగలేదు. ఆయన ఇంట్లోవాళ్లకైతే అసలే జరగలేదు.

మొదలు అనంతపురంతోనే పెట్టాలి, ఎందుకంటే ఆ ఊరు ఆయన కథలో ఒక్క వాక్యంతో తేలిపోతూ ఉంటుంది. 1916లో అక్కడ దత్తమండల కళాశాల పుట్టింది. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేసిన జిల్లాలు కాబట్టి మన సీమకు అప్పట్లో దత్తమండలాలనే పేరు. రాయలసీమ అన్న పేరు 1928లో గాని రాలేదు. ఆ పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు గారు కూడా అదే కళాశాలలో తెలుగు చెప్పినవారే. కళాశాల పుట్టిన ఆ ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం చెబుతున్న, ఇరవై ఎనిమిదేళ్లు నిండుతున్న ఉపాధ్యాయుణ్ణి ప్రభుత్వం అనంతపురానికి బదిలీ చేసింది. మద్రాసు విడిచి బయట ఊళ్లో ఆయన పాఠం చెప్పడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లో మద్రాసు నుంచి అనంతపురం చేరాలంటే గుంతకల్లు మీదుగానో ధర్మవరం మీదుగానో బండి మారి రావాలి. దిగితే ఎర్రనేల, బండరాళ్ల గుట్టలు, ఎండిన వంకలు. పడమటి కనుమల చాటున పడిపోయిన పీఠభూమి ఇది. నైరుతి మేఘం కనుమల అవతలే కురిసేస్తుంది, ఈశాన్యపు వాన తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సక్రమంగా పడితే. 1876లో మొదలైన ధాత కరువును కళ్లారా చూసిన ముసలివాళ్లు 1916 నాటికి ఊరూరా ఉన్నారు. తెలుగు సంఘాల్లో చాలావాటి చరిత్ర ఆ కరువు తర్వాతి పేజీలోనే మొదలవుతుందని మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ నేల మీద ఒక కొత్త కళాశాల, దానిలో మొదటి తరం చదువుకునే రైతుల పిల్లలు, వాళ్ల ముందు ఈ సన్నటి పంతులు. ఎక్కువ కాలం ఉండలేదు. 1917లో రాజమండ్రికి బదిలీ. ఒక సంవత్సరం లెక్కలోకి వస్తుందా అని కొట్టిపారేయవచ్చు. కానీ ఆ కళాశాలను తలచుకుంటే నాకు ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. తర్వాతి రోజుల్లో అక్కడే చదివిన ఇల్లూరు కుర్రవాడు నీలం సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యాడు. వాన సరిగా పడని ఊళ్లోని ఒక్క కళాశాలలో ఒక రాష్ట్రపతి పాఠం చెప్పాడు, ఇంకొక రాష్ట్రపతి పాఠం నేర్చుకున్నాడు. దేశంలో ఇలాంటి కళాశాలలు ఎన్ని ఉంటాయో వెతకాల్సిందే.

రాధాకృష్ణన్ చదువుకున్న చోట్లు మాత్రం మనకు బాగా దగ్గరివి. తండ్రి వీరాస్వామి జమీందారీ కచేరీలో చిన్న ఉద్యోగి. ఇంటి పేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లిది, పుట్టింది తిరుత్తణిలో, ఇంట్లో మాట తెలుగు. 1896లో పిల్లవాణ్ణి తిరుపతిలో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను నడిపే బడిలో చేర్చారు. ఆ తర్వాత వేలూరులో అమెరికన్ ఆర్కాటు మిషను వారి ఊర్హీస్ కాలేజీ. ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల. అంటే ఎనిమిదో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా ఆయన నిత్యం బైబిలు పాఠం వింటూ పెరిగినవాడు. తిరుమల కొండ కిందే లూథరన్ బడిలో కూర్చున్న ఆ బ్రాహ్మణ బాలుడిని ఊహించుకోండి. తరువాత ఆయన రాసిన పుస్తకాలన్నిటి బీజం అక్కడే పడింది.

తత్వశాస్త్రం ఆయన కోరి ఎంచుకున్నది కూడా కాదు. అదే చదివి పట్టం పుచ్చుకున్న బంధువు ఒకాయన పుస్తకాలు ఉచితంగా వస్తాయి కాబట్టి తీసుకున్నాడు. కొత్తవి కొనే స్తోమత లేదు. క్రైస్తవ కళాశాలలో కొందరు మిషనెరీలు హిందూమతాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఆయన మనసును గాయపరిచింది. ఆ గాయంతోనే తన మతంలో ఏముందో వెతకడం మొదలుపెట్టి, 1908లో ఎం.ఏ. పట్టానికి వేదాంతంలో నీతి ఉందా అన్న ప్రశ్న మీద ఒక వ్యాసం రాసి సమర్పించాడు. ప్రపంచం మాయ అనే మతంలో నీతికి చోటెక్కడిది అన్న మిషనెరీల విమర్శకు అది నేరుగా జవాబు. దాన్ని చదివింది ఎవరు? స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనెరీ ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. ఆ వ్యాసం తన సొంత విశ్వాసానికి ఎదురు నిలుస్తున్నా హాగ్ కోపగించుకోలేదు. ఆ కుర్రవాడి బుద్ధిని మెచ్చుకుంటూ గట్టి యోగ్యతాపత్రం రాసిచ్చాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హాగ్ తన విశ్వాసాన్ని దాచుకున్నవాడు కాదు. కర్మ సిద్ధాంతాన్నీ క్రీస్తు విమోచననూ పక్కపక్కన పెట్టి చర్చిస్తూ ఆయన రాసిన పుస్తకం ఆ మరుసటి ఏడాదే వచ్చింది. ఎదుటివాడి మతాన్ని దాని బలమైన చోటే పట్టుకుని మాట్లాడాలని, బలహీనమైన చోట గిల్లి గెలిచాననుకోకూడదని ఆయన పద్ధతి. ఒకే కళాశాలలో ఒక తరహా మిషనెరీ రాధాకృష్ణన్‌ను గాయపరిచాడు, ఇంకో తరహా మిషనెరీ ఆయన్ను తయారుచేశాడు. మన పాఠశాలల గోడ మీద రాధాకృష్ణన్ పటం ఉంది, బాగానే ఉంది. హాగ్ పటం ఎక్కడా కనబడదు.

చదువు అయ్యాక పై చదువుకు విదేశం వెళ్లాలంటే డబ్బు లేదు. 1903లోనే, పదిహేనేళ్లు నిండకముందే, దూరపు చుట్టాల అమ్మాయి శివకాముతో పెళ్లయింది. సంసారం ఉంది, తమ్ముళ్లున్నారు. 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగానికి చేరాడు. ఆయనకున్న చదువంతా మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చినదే. విదేశీ పట్టం లేదన్న దిగులుతో ఉన్న మన ఉపాధ్యాయులు దీన్ని గుర్తుపెట్టుకోవచ్చు.

అనంతపురం, రాజమండ్రి అయ్యాక 1918లో మైసూరు మహారాజా కళాశాల. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచింది. మైసూరు విడిచి వెళ్లేనాడు విద్యార్థులు గుర్రాలను విప్పేసి, బండిని పూలతో అలంకరించి, తామే రైల్వేస్టేషన్ దాకా లాగుకుంటూ వెళ్లారు. అందరికీ తెలిసిన ముచ్చటే. మూడేళ్లే చెప్పిన పంతులు కోసం అలా చేశారంటే ఆ మూడేళ్లలో ఆయన పిల్లల పేర్లతో సహా ఎంత తెలుసుకుని ఉంటాడో మనం లెక్కగట్టుకోవచ్చు.

1926లో కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున ఆయన మొదటిసారి ఓడెక్కాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో హిందూమతం మీద ఉపన్యాసాలిచ్చాడు, అవి మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. అక్కడి నుంచి అమెరికా వెళ్లి షికాగోలోనూ హార్వర్డ్‌లోనూ మాట్లాడాడు. 1929లో మళ్లీ మాంచెస్టర్ కాలేజీ పిలిచి కొంతకాలం పాఠం చెప్పించుకుంది. అది క్రైస్తవ పరిచారకులను తయారుచేసే కాలేజీ అన్నది గమనించాలి. తిరుపతి లూథరన్ బడి పిల్లవాడు ఇప్పుడు ఇంగ్లండులో కాబోయే పాదిర్లకు ధర్మాలను పోల్చి చెబుతున్నాడు, వాళ్ల ప్రార్థనాలయంలో ప్రసంగం కూడా చేస్తున్నాడు.

1931 నుంచి అయిదేళ్లు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు. 1936లో వచ్చిందండీ అసలు పిలుపు. హెన్రీ స్పాల్డింగ్ అనే దాత ఇచ్చిన సొమ్ముతో ఆక్స్‌ఫర్డ్ తూర్పు దేశాల మతాలకూ నీతిశాస్త్రానికీ ఒక ఆచార్య పీఠం పెట్టి, దానిమీద రాధాకృష్ణన్‌ను కూర్చోబెట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పీఠమెక్కిన మొదటి భారతీయుడు ఆయనే. దేశం ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉన్న రోజులవి.

ఈ ఉద్యోగం మామూలు పరదేశి ఉద్యోగం లాంటిది కాదు. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ ఉండి పాఠం చెప్పాలి, మిగతా కాలం ఇక్కడ ఉండవచ్చు. బొంబాయిలో ఓడెక్కితే దిగడానికి రెండు వారాల పైచిలుకు. అక్కడికి వెళ్లినా ఆయన వేషం మార్చలేదు, అదే తలపాగా, అదే పొడుగు కోటు. శాకాహారం మానలేదు. మాట మాత్రం వాళ్ల భాషలో వాళ్లకంటే ధారగా వచ్చేది. చేతిలో కాగితం లేకుండా గంటసేపు మాట్లాడే ఉపన్యాసాలకు ఆ ఊరు అలవాటు పడింది. 1939లో మదనమోహన మాలవీయ గారి కోరిక మీద కాశీ హిందూ విశ్వవిద్యాలయ బాధ్యత కూడా ఎత్తుకున్నాడు. అదే ఏడాది యుద్ధం వచ్చి ఆక్స్‌ఫర్డ్ రాకపోకలు ఆగిపోయాయి, పీఠం మాత్రం ఆయన పేరునే ఉంది. యుద్ధం ముగిశాక మళ్లీ ప్రయాణాలు మొదలు. 1948లో కాశీ వదిలి, స్వతంత్ర భారత ప్రభుత్వం వేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ప్రతి విద్యాసంస్థలోనూ రోజు మొదట కొన్ని నిమిషాల మౌనధ్యానం ఉండాలనీ, మొదటి సంవత్సరం విద్యార్థులకు బుద్ధుడు, యేసు వంటి మహనీయుల జీవితాలు చెప్పాలనీ ఆ సంఘం 1949లో ఇచ్చిన నివేదికలో ఉంది.

ఆ ఏడాదే నెహ్రూ ఆయన్ను రాయబారిగా మాస్కోకు పంపించాడు. ఇక్కడ విచిత్రం చూడండి. ఆక్స్‌ఫర్డ్ పీఠం వదలనని ఆయన అన్నాడు, సరే అని నెహ్రూ ఒప్పుకున్నాడు. దేవుడు లేడనే రాజ్యంలో భారత రాయబారి, చదువుల కాలం రాగానే విమానమెక్కి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి మతాల మీద పాఠం చెప్పి వచ్చేవాడు. 1950 జనవరిలో స్టాలిన్ ఆయన్ను రాత్రిపూట పిలిపించుకుని మాట్లాడాడు. అంత తొందరగా స్టాలిన్ దర్శనం దొరకడం ఇతర దేశాల రాయబారులకు ఆశ్చర్యం. 1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ నియంత చెంప మీద చేయి వేసి, వీపు తట్టి వచ్చాడని చెబుతారు. పిల్లలకు పాఠం చెప్పి చెప్పి అలవాటైన చేయి మరి.

ఆ ఏప్రిల్‌కు ఆయన వయసు అరవై మూడు. ఢిల్లీ నుంచి ఉపరాష్ట్రపతి పదవికి పిలుపు వచ్చింది. అంతవరకూ ఏ పదవి వచ్చినా ఆక్స్‌ఫర్డ్‌ను పక్కన పెట్టుకునే చేశాడు. కలకత్తా, కాశీ, యునెస్కో, మాస్కో, అన్నిటి మధ్యా ఆ పీఠం అలాగే ఉండిపోయింది. ఈసారి మాత్రం అలా కుదరదు. రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చునేవాడు ఇంగ్లండులో జీతం పుచ్చుకోలేడు. ఆ పీఠానికి రాజీనామా ఇచ్చాడు. 1952 మే 13న ఉపరాష్ట్రపతిగా ప్రమాణం చేశాడు.

చదివేవాళ్లకు ఇది నష్టంలా కనిపించదు. పంతులు ఉద్యోగం పోయి ఉపరాష్ట్రపతి పదవి వస్తే ఎవరు ఏడుస్తారు? కానీ ఆయన పుస్తకాలు వరసగా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తూర్పు మతాలనూ పడమటి ఆలోచననూ కలిపి రాసిన 1939 నాటి పెద్ద పుస్తకం, 1948 నాటి గీతా వ్యాఖ్యానం, 1950 నాటి ధమ్మపదం, 1953లో వచ్చిన ఉపనిషత్తుల గ్రంథం, ఇవన్నీ ఆక్స్‌ఫర్డ్ సంవత్సరాల పంట. ఢిల్లీ పదిహేనేళ్లలో ప్రసంగాలు సంపుటాలకు సంపుటాలు వచ్చాయి గాని, అంత బరువైన గ్రంథాలు తక్కువ. తిరిగి రావడానికి ఆయన చెల్లించిన వెల అది. అక్కడి గ్రంథాలయాలు, అక్కడి తీరిక, ఎదురు ప్రశ్న వేసే విద్యార్థి, ఇవి ఓడలో వేసుకుని తెచ్చుకునే సామాను కాదు.

ఇంకో వెల ఉంది. దానిని చెల్లించింది ఆయన కాదు. అయిదుగురు ఆడపిల్లలను, ఒక కొడుకును పెంచి, పెళ్లిళ్లు చేసి, మద్రాసు ఇంటిని నిలబెట్టింది శివకాము. భర్త కలకత్తాలో ఉంటే, కాశీలో ఉంటే, సముద్రం అవతల ఉంటే, ఇంటి బరువు ఆమె భుజం మీదే. వాళ్ల కొడుకు సర్వేపల్లి గోపాల్ పేరున్న చరిత్రకారుడు. 1989లో తండ్రి జీవితచరిత్ర రాసినప్పుడు తండ్రి నడతవల్ల తల్లి పడిన బాధను ఆయన దాచలేదు. తండ్రిని ప్రేమించే కొడుకు అలా రాయడం ఎంత కష్టమో. పండుగనాడు దండ వేసే పటం వెనక ఈ ఇల్లు కూడా ఉంది. భర్త విదేశం నుంచి శాశ్వతంగా తిరిగి వచ్చిన నాలుగేళ్లకు, 1956 నవంబరులో శివకాము కన్నుమూసింది. నలభై ఏళ్ల రాకపోకల తర్వాత కుదిరిన కాపురం నాలుగేళ్లన్నమాట. ఇంటిని వదిలి దూరదేశంలో సంపాదించేవాళ్ల కోసం మన ప్రార్థన కూడికల్లో ప్రార్థిస్తాం, ఓడ క్షేమం, విమానం క్షేమం, వీసా క్షేమం. ఇక్కడ ఒంటరిగా ఇల్లు ఈదుతున్న స్త్రీ పేరు ఆ ప్రార్థనలో ఎన్నిసార్లు వస్తుంది?

ఆక్స్‌ఫర్డ్‌లో ఖాళీ అయిన పీఠం మీదికి 1952లోనే రాబర్ట్ చార్లెస్ జేనర్ వచ్చాడు. ఆయన పారసీక భాషాపండితుడు, 1946లో కాథలిక్కు సంఘంలో చేరినవాడు. 1953లో తన తొలి ఉపన్యాసంలోనే, మతాలన్నిటినీ ఒక్కటిగా కలిపే ప్రయత్నం తన పని కాదని సూటిగా చెప్పేశాడు. అన్ని మతాల లోపలా ఒకే సత్యం ఉందన్నది రాధాకృష్ణన్ పదహారేళ్లు అక్కడ చెప్పిన మాట. దాత స్పాల్డింగ్ కోరిక కూడా దాదాపు అదే. క్రైస్తవ పాఠకులుగా మనలో ఎక్కువమంది ఈ విషయంలో జేనర్ వైపే ఉంటాం. క్రీస్తును పది దారుల్లో ఒక దారిగా చెప్పడం రాధాకృష్ణన్‌కు సులువు, మనకు కాదు. అయినా విదేశంలో పనిచేసి తిరిగి వచ్చినవాళ్లకు ఈ ఘట్టంలో ఇంకో సంగతి తెలుస్తుంది. మనం దిగిన కుర్చీలో మన తర్వాత కూర్చున్నవాడు మన పాఠాన్ని చెరిపి కొత్త పాఠం రాస్తాడు. దాన్ని అడ్డుకోవడానికి ఆయన అక్కడ లేడు, ఢిల్లీలో రాజ్యసభ గంట కొడుతున్నాడు.

1962లో రాష్ట్రపతి అయ్యాక విద్యార్థులూ మిత్రులూ పుట్టినరోజు చేస్తామని వస్తే, దానిని ఉపాధ్యాయుల పేర జరపమన్నాడు. అలా మన బడుల్లోకి ఆ పటం వచ్చింది. 1967లో పదవీకాలం ముగియగానే రాష్ట్రపతి భవనం నుంచి మద్రాసు ఇంటికి వచ్చేశాడు. ఆ ఇల్లున్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. అక్కడే చివరి ఎనిమిదేళ్లు. ఈసారి ఎవరూ బండి లాగలేదు.

1975లో, మంచం పట్టి ఉండగా, టెంపుల్టన్ బహుమానం ప్రకటించారు. మతరంగంలో కృషికి ఇచ్చే ఆ బహుమానం అంతకుముందు మదర్ తెరెసాకూ, తెజే సహవాసాన్ని స్థాపించిన బ్రదర్ రోజేకూ వచ్చింది. క్రైస్తవుడు కాని వ్యక్తికి రావడం అదే మొదలు. ఆ ఏప్రిల్ 17న మద్రాసులో ఆయన కన్నుమూశారు. బహుమానం సొమ్ము మొత్తం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.